హంతకుడూ, క్షుద్రశక్తీ కలిసిన కథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హత్యలు చేసే మనిషి ఒకవైపు, మనిషి కాని చెడు ఇంకోవైపు. ఈ రెండూ ఒకే కథలోకి వచ్చినప్పుడు పుట్టే హారర్ థ్రిల్లర్ల గురించి పాఠకులూ, కొత్తగా రాయాలనుకునేవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. కొన్నింటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొన్నింటికి ఓపిగ్గా మాట్లాడుకోవాలి.

హారర్ థ్రిల్లర్‌కీ, మామూలు దయ్యం కథకీ తేడా ఏమిటి?

థ్రిల్లర్‌ని పరిగెత్తించేది సమయం. హంతకుడు ఇంకొకరిని చంపేలోపే అతన్ని పట్టుకోవాలి. దయ్యం కథని నడిపేది గతం. ఎప్పుడో జరిగిన అన్యాయం ఆ చోటుని వదిలిపోదు. హారర్ థ్రిల్లర్‌లో గతం వెనకనుంచి నెడుతుంటే, సమయం ముందునుంచి తరుముకొస్తుంది.

ఈ రెండు భయాలూ ఒకదాని లోటు ఒకటి తీర్చుకుంటాయి. మనిషిని చూసి వేసే భయానికి ఎక్కడో ఒక హద్దుంటుంది. తలుపు గడియ పెట్టుకోవచ్చు, సాయానికి ఎవరినైనా పిలవొచ్చు, అతనికీ అలసట ఉంటుంది, నిద్ర వస్తుంది. మనిషి కానిదానికి ఆ హద్దులు లేవు గానీ, దాన్ని నమ్మడం కష్టం. దీపం వెయ్యగానే సగం భయం పోతుంది. అదే హంతకుడైతే పక్కింట్లో ఉండగలిగినవాడు. అతనికి ఉద్యోగం ఉంటుంది, చిరునామా ఉంటుంది. అతని వల్ల కథ నమ్మేలా ఉంటుంది. వెనకున్న శక్తి వల్ల తప్పించుకునే దారి లేకుండా పోతుంది.

చేతిలో ఉన్న కథ ఈ కోవలోకి వస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అందులోంచి దయ్యాన్ని తీసేసి చూడండి. కథ ఏ ఇబ్బందీ లేకుండా నడిచిపోతే అది అలంకారానికి తెచ్చిపెట్టిన దయ్యమే. హంతకుణ్ణి తీసేసినా కథ నడిస్తే అది దయ్యం కథ, అంతే. రెండింట్లో ఏది తీసినా కూలిపోయేదే మనం మాట్లాడుకుంటున్న కథ.

ఇలాంటి కథలు ఎప్పుడు మొదలయ్యాయి?

చాలామంది 1764లో ఇంగ్లండులో వచ్చిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' నుంచి లెక్క మొదలుపెడతారు. పాత కోట, పాత పాపం, దాన్ని బయటపెట్టే అతీతశక్తి అన్న అచ్చు అక్కడే తయారైంది. గోథిక్ కథలకు అదే మూలం. కానీ హంతకుడి లోపలికి ఒక శక్తి ప్రవేశించడం అన్నది అంతకన్నా ఎంతో పాతది. మహాభారతంలో సౌప్తికపర్వం ఒకసారి గుర్తుచేసుకోండి. యుద్ధం ఓడిపోయిన రాత్రి అశ్వత్థామకి నిద్ర పట్టదు. చెట్టుమీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ ఒక్కొక్కటిగా చంపడం చూస్తాడు. శత్రువుల్ని ఎలా చంపాలో అతనికి అక్కడే తడుతుంది. కృపాచార్యుడు వద్దని నచ్చజెప్పినా వినడు. శిబిరం వాకిట్లో భయంకరమైన ఆకారం అడ్డుపడితే శివుణ్ణి వేడుకుని, తన్ను తానే ఆహుతిగా ఇచ్చుకోబోతాడు. శివుడు ఖడ్గమిచ్చి అతని శరీరంలో ప్రవేశిస్తాడు. తరవాత జరిగేది నిద్రలో ఉన్నవాళ్ళ ఊచకోత. తిక్కన తెలుగులో ఆ రాత్రిని చదివినవాళ్ళకి హారర్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఘట్టంలో అన్నిటికన్నా ముఖ్యమైంది సంఘటనల వరస. చంపాలన్న నిర్ణయం ముందు, ఆవేశించిన శక్తి తరవాత. అందుకే దైవబలం తోడున్నా చివరికి శాపం పడింది అశ్వత్థామ మీదే.

ఆధునిక కాలంలో దీనికి దగ్గరగా వచ్చింది 1824లో స్కాట్లాండ్ రచయిత జేమ్స్ హాగ్ రాసిన నవల. తాను దేవుడు ముందే ఎంచుకున్నవాణ్ణనీ, ఏ పాపం చేసినా తన మోక్షానికి ఢోకా లేదనీ నమ్మిన ఒక యువకుడికి, రూపం మార్చుకోగల ఒక మిత్రుడు దొరుకుతాడు. హత్యలు మొదలవుతాయి. ఆ మిత్రుడు సైతానా, ఇతని పిచ్చా అన్నది నవల తేల్చదు. ఒకే కథని ముందు బయటివాళ్ళు చెప్తారు, తరవాత హంతకుడు తన మాటల్లో చెప్తాడు. రెండూ పూర్తిగా కలవవు. రెండు వందల ఏళ్ళ తరవాత కూడా ఈ తరహా కథలు వాడుతున్న ఎత్తుగడ ఇదే.

తరవాతి మెట్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1886లో రచయిత స్టీవెన్సన్ 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో మంచి డాక్టర్‌నీ, రాక్షసుణ్ణీ ఒకే ఒంట్లో పెట్టాడు. రెండేళ్ళకే, 1888లో, లండన్ వైట్‌చాపెల్ హత్యలు దొరకని హంతకుణ్ణి పత్రికల ద్వారా ఇంటింటికీ తీసుకొచ్చాయి. 1897లో 'డ్రాక్యులా' డైరీలూ, ఉత్తరాలూ, పత్రికా వార్తలతో కథ చెప్పి, పిశాచాన్ని ఒక దర్యాప్తు ఫైలులా మార్చింది. 1959లో 'సైకో' నవల దయ్యం అవసరం లేకుండానే పాత ఇంటినీ, చనిపోయిన తల్లినీ వాడుకుంది. 1971లో 'ది ఎక్సార్సిస్ట్' నవల మళ్ళీ దయ్యాన్ని తెచ్చింది, అయితే డాక్టర్లూ పోలీసు డిటెక్టివూ అందరూ కథలో ఉండగానే.

డిటెక్టివ్ కథలో దయ్యాన్ని పెట్టడం మోసం కాదా?

శుద్ధమైన పజిల్ కథలో మోసమే. 1929లో రోనల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథకి పది నియమాలు రాశాడు. అందులో రెండోది అతీతశక్తులు కూడదనే. ఆయన స్వయానా క్రైస్తవ మతగురువు. అతీతమైనదాన్ని నమ్మే మనిషే కథలో వద్దన్నాడంటే కారణం సులభంగానే అర్థమవుతుంది. పాఠకుడు క్లూలు పట్టుకుని ఆలోచిస్తుంటే, చివరి పేజీలో 'గోడలోంచి వచ్చి చంపింది' అంటే అతని శ్రమంతా వృథా.

అయితే ఆ నియమం వెనకున్న న్యాయాన్ని పాటిస్తూనే దయ్యాన్ని పెట్టొచ్చు. ఆ శక్తి ఉన్న సంగతి మొదటి మూడోవంతులోనే పాఠకుడికి తెలియాలి. అది ఏం చెయ్యగలదో, ఏం చెయ్యలేదో తెలియాలి. ఆ తరవాత అది తన నియమం దాటకూడదు. గడప దాటాలంటే లోపలివాళ్ళు పిలవాలని మొదట్లో చెప్పామనుకోండి. క్లైమాక్స్‌లో అడిగే ప్రశ్న 'అది ఎలా వచ్చింది?' కాదు, 'ఎవరు పిలిచారు?' అవుతుంది. ఇది మళ్ళీ అసలైన డిటెక్టివ్ ప్రశ్నే, పైగా ఇంకా భయంకరమైనది.

హత్య చేయించింది క్షుద్రశక్తే అయితే హంతకుడి తప్పేముంది?

ఈ కథలన్నిటికీ గుండెకాయ ఈ ప్రశ్నే. ఎక్కువ కథలు చెడిపోయేదీ ఇక్కడే.

'వాడిలో దయ్యం దూరింది, అందుకే చంపాడు' అని తేల్చేస్తే అతను పనిముట్టుగా మిగిలిపోతాడు. పనిముట్టుని చూసి ఎవరూ ఎక్కువసేపు భయపడరు. దయ్యాన్ని వదిలిస్తే సమస్య తీరుతుంది, చనిపోయినవాళ్ళ బంధువులు కూడా అతన్ని క్షమించెయ్యాలి. ఇంత తేలికైన పరిష్కారం ఉన్న చెడు చెడే కాదు.

ఒక కథ ఊహించుకుందాం. తాళాలు బాగుచేసే ఒక మనిషి. ఒంటరి. పనికి వెళ్ళిన ఒక పాత ఇంట్లో, ఎవరూ తెరవని తలుపు వెనకనుంచి అతనికి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు 'చంపు' అనదు. ఒక పేరు చెప్పి, 'వీళ్ళు కనిపించకపోతే వెతికేవాళ్ళెవరూ లేరు' అంటుంది, అంతే. మొదటిసారి అతను తలుపు దగ్గర్నుంచి పారిపోతాడు. వారం తరవాత పనేమీ లేకపోయినా అదే ఇంటికి తిరిగి వెళ్తాడు.

కథ మొత్తం ఆ రెండో రాకలో ఉంది. అతన్ని ఎవరూ లాక్కెళ్ళలేదు. గొంతు అతనికి కొత్త కోరికని పుట్టించలేదు, దొరికిపోనన్న ధైర్యాన్ని ఇచ్చింది. ఇలా రాస్తే అతీతశక్తి వల్ల నేరం తేలిక కాదు, బరువెక్కుతుంది. పాఠకుడు కూడా 'ఆ గొంతు నాకు వినిపిస్తే?' అని తనని తాను అడిగి చూసుకుంటాడు.

పూర్తిగా ఆవహించబడి, తన చేతులు తనవి కాకుండా పోయిన పాత్రని అసలు రాయకూడదా? రాయొచ్చు. కానీ అతను హంతకుడి స్థానంలో ఉండడు, బాధితుల్లో ఒకడవుతాడు. కథ అతన్ని అలాగే చూడాలి. మెలకువ వచ్చి చేతుల మీద రక్తం చూసుకున్న మనిషి దుఃఖాన్ని దాటేసి, నేరుగా పోరాట ఘట్టానికి పరిగెత్తడం అన్యాయం.

అది దయ్యమా, పిచ్చా అన్నది చివరిదాకా తేల్చకుండా ఉంచొచ్చా?

ఉంచొచ్చు, చాలా కష్టమైన పని. త్స్వెతాన్ తొదొరోవ్ అనే సాహిత్య విమర్శకుడు 1970లో ఈ తడబాటునే ఒక సాహిత్య ప్రక్రియకి నిర్వచనంగా తీసుకున్నాడు. జరిగినదానికి లోకసహజమైన వివరణ ఉందా, లేక లోకం నియమాలే వేరా అని పాఠకుడు ఎటూ తేల్చుకోలేని స్థితి ఉన్నంతసేపే అది నిలుస్తుందన్నాడు. ఒకవైపు తేలగానే కథ వేరే కోవలోకి వెళ్ళిపోతుంది. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' మీద ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. అక్కడ దయ్యాలున్నాయా, పిల్లల్ని చూసుకునే ఆ గవర్నెస్ భ్రమపడిందా?

రాసేవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, తేల్చకపోవడం వేరు, రచయితకే తెలియకపోవడం వేరు. ప్రతి వింత సంఘటనకీ రెండు వివరణలు పక్కపక్కన నిలబడేలా చూసుకోవాలి. మన తాళాల మనిషి విన్న పేర్లు అతనికి ముందే తెలిసే అవకాశం ఉండాలి. ఎప్పుడో వాళ్ళ ఇంటికి తాళం వెయ్యడానికి వెళ్ళి ఉండొచ్చు. అతనికి ఏ దారినా తెలిసే వీలులేని ఒక్క పేరు గొంతు చెప్పిందంటే తూకం అటు ఒరిగిపోయింది. అలా ఒరిగే చోటు కావాలనుకుంటే అదే కథకి మలుపు.

రక్తపాతం ఎంతవరకు ఉండాలి?

భయం వేరు, రోత వేరు. మన నాట్యశాస్త్రం వీటిని రెండు రసాలుగానే విడదీసింది. భయానకానికి స్థాయీభావం భయం, బీభత్సానికి జుగుప్స. భయానకం బీభత్సంలోంచి పుడుతుందని కూడా అందులో ఉంది. గోథిక్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసం కూడా ఇలాంటి విభజనే చేసింది. రాబోయేదాన్ని తలుచుకుని వేసే భయం మనసుని విప్పి, చురుకు చేస్తుంది. కళ్ళెదుట పడిన ఘోరం మనసుని ముడుచుకుపోయేలా చేస్తుంది అని ఆవిడ వాదన.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పుస్తకంలో ఒక్క మరణాన్ని పూర్తిగా చూపించండి, మిగతావాటికి ఆ జ్ఞాపకమే చాలు. ప్రతి హత్యనీ పేగులు లెక్కపెట్టినట్టు వర్ణిస్తే మూడోసారికి పాఠకుడు మొద్దుబారిపోతాడు. అప్పుడు రచయిత మోతాదు పెంచుతాడు, పాఠకుడు ఇంకా మొద్దుబారతాడు. దీనికి అంతు లేదు.

రక్తం కన్నా చిన్న వివరాలు లోతుగా దిగుతాయి. చనిపోయిన మనిషి ఫోన్‌కి మర్నాటి అలారం మోగడం, ఇస్త్రీ చేసి మడతపెట్టిన బట్టలు కుర్చీ మీద అలాగే ఉండటం. ఇవి ఎందుకు పనిచేస్తాయంటే, హంతకుడు తీసుకెళ్ళిపోయింది ఒక రేపటిని అని ఇవి చెప్తాయి.

ఇలాంటి కథలు ఇష్టపడితే నాలో ఏదో లోపం ఉన్నట్టా?

లేదు. ప్రమాదం లేని చోట కూర్చుని ప్రమాదాన్ని ఊహించుకోవడం మనిషికి చాలా సహజం. గుండె వేగం పెరుగుతుంది, శరీరం సిద్ధమవుతుంది. పుస్తకం మూసేసరికి ఆ ఉద్వేగమే ఒక తేలికదనంగా మారుతుంది. చాలామందికి వార్తల్లో చూసిన ఘోరం మీద పట్టు దొరకదు. కథలో దానికి మొదలూ, చివరా ఉంటాయి, కారణాలు వెతికేవాళ్ళు ఉంటారు. ఆ పట్టు కోసమే చదువుతారు.

చదివాక రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, మీకు నిజంగా జరిగిన ఒక గాయాన్ని కథ కెలుకుతున్నా ఆపెయ్యండి. పుస్తకం సగంలో వదిలెయ్యడంలో ఓటమి ఏమీ లేదు.

రాత్రి చదివాక ఎవరో గుండెల మీద కూర్చున్నట్టు అనిపించింది. ఇది దేనివల్ల?

కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో మన కండరాలు దాదాపుగా కదలకుండా అయిపోతాయి. కలలో పరిగెత్తినప్పుడు మంచం మీద నిజంగా పరిగెత్తకుండా ఉండటానికి శరీరం చేసుకున్న ఏర్పాటు అది. ఒక్కోసారి ఆ స్థితి వదలకముందే మెలకువ వచ్చేస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, కదలలేరు, ఛాతీ మీద బరువు, గదిలో ఎవరో ఉన్నారన్న భావన. కొద్ది క్షణాల నుంచి కొద్ది నిమిషాల్లో పోతుంది. నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన నిద్ర, టెన్షన్ దీన్ని పెంచుతాయి. తరచుగా వస్తుంటే డాక్టర్‌తో మాట్లాడండి. ప్రపంచంలో ఎన్నో చోట్ల రాత్రిపూట ఛాతీ మీద కూర్చునే పిశాచం కథలు ఉండటానికి ఈ అనుభవమే మూలమని చాలామంది పరిశోధకులు అంటారు. 1781లో ఫ్యూస్లీ వేసిన 'ది నైట్‌మేర్' చిత్రంలో నిద్రపోతున్న స్త్రీ మీద కూర్చున్నది కూడా అదే.

హంతకుడి మనసులోంచి కథ చెప్పొచ్చా?

చెప్పొచ్చు. 1843లోనే ఎడ్గార్ అలన్ పో ఒక చిన్న కథలో చేసి చూపించాడు. తనకి పిచ్చి లేదని పదేపదే నమ్మించబోయే హంతకుడు, నేల కింద దాచిన శవం గుండె కొట్టుకుంటోందని తనే బయటపెట్టుకుంటాడు. ఆ కథలోని బలం వర్ణనలో లేదు, చెప్పేవాడి గొంతులో ఉంది. తాను ఎంత తెలివిగా చేశాడో చెప్తున్నకొద్దీ మనకి అతని పరిస్థితి అర్థమవుతూ వస్తుంది.

జాగ్రత్త పడాల్సింది ఒకటే. లోపలినుంచి చెప్పినప్పుడు హంతకుడి మాటే పుస్తకం మాట అయిపోకూడదు. అతను బాధితుల్ని ఎలా చూస్తాడో పాఠకుడికి తెలియాలి, కానీ అది తప్పు చూపు అని తెలిసే ఆధారం కూడా అక్కడే దొరకాలి. తాళాల మనిషి 'ఆవిడకి ఎవరూ లేరు' అనుకుంటాడు. అదే పేరాలో ఫ్రిజ్ మీద అతికించిన పిల్లల బొమ్మ అతని కంటబడుతుంది, అతను దాని గురించి ఏమీ అనుకోడు. పాఠకుడు అనుకుంటాడు. అది చాలు.

హంతకుడంటే 'సైకో' కదా? మానసిక రోగిగా చూపిస్తే తప్పేమిటి?

తప్పే. ఈ కోవ కథలు ఎక్కువ హాని చేసింది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను.

సైకోసిస్, సైకోపతీ ఒకటి కావు. సైకోసిస్ అంటే వాస్తవంతో సంబంధం తెగడం, లేని గొంతులు వినిపించడం, లేని కుట్రల్ని నమ్మడం. అది బాధపెట్టే స్థితి, చికిత్స ఉన్న స్థితి. సైకోపతీ ఒక వ్యక్తిత్వ లక్షణాల సమూహం. ఎదుటివారి బాధ తగలకపోవడం, పశ్చాత్తాపం లేకపోవడం, పైకి ఆకట్టుకునే మాటతీరు అందులో కొన్ని. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ రూపొందించిన కొలమానంలో 20 అంశాలుంటాయి, గరిష్ఠం 40 మార్కులు. దాన్ని శిక్షణ ఉన్న నిపుణులే వాడాలి. అందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళందరూ హంతకులు కారు. హంతకులందరికీ ఎక్కువ మార్కులు రావు.

తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్ళలో అత్యధికులు ఎవరి జోలికీ వెళ్ళరు. వాళ్ళే ఇతరుల చేతిలో హింసకి గురయ్యే అవకాశం ఎక్కువ. గొంతులు వినిపించే ప్రతి పాత్రనీ కత్తి పట్టిస్తుంటే, నిజజీవితంలో గొంతులు వినిపిస్తున్న ఒక కుర్రాడు ఆ మాట ఇంట్లో చెప్పడానికి భయపడతాడు. పిచ్చాసుపత్రినీ, మందుల్నీ కేవలం భయపెట్టడానికి వాడే కథలు ఇప్పటికే చాలా ఉన్నాయి. హంతకుడికి కోరిక ఇవ్వండి, గర్వం ఇవ్వండి, దొరకనన్న ధీమా ఇవ్వండి. రోగం పేరు అక్కర్లేదు.

నిజంగా జరిగిన హత్యల ఆధారంగా రాయొచ్చా?

రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. 1957లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ గీన్ దొరికిపోవడమే రాబర్ట్ బ్లాక్ రాసిన 'సైకో'కి ప్రేరణ. కానీ నవలలో పాత్రా, కుటుంబమూ, స్థలమూ అన్నీ కల్పితం. నిజం నుంచి ఆయన తీసుకున్నది ఒక ఆలోచన మాత్రమే. చుట్టుపక్కలవాళ్ళకి బాగా తెలిసిన మనిషే అలాంటివాడు కావచ్చన్నది.

ఇది మంచి పద్ధతి. దగ్గరి కాలంలో జరిగిన కేసు అయితే బాధితుల కుటుంబాలు బతికే ఉంటాయి. తమ కూతురి చివరి గంటని ఎవరో వినోదానికి ఊహించి రాశారని వాళ్ళు చదవాల్సి రావడం ఎంత దారుణమో ఆలోచించండి. దయ్యాన్ని జతచేస్తే ఇంకా ఘోరం. నిజమైన నేరస్థుడి తప్పుని కల్పిత శక్తి మీదకి నెట్టినట్టవుతుంది.

1888 నాటి వైట్‌చాపెల్ హంతకుడి మారుపేరు, జాక్ ది రిప్పర్, ప్రపంచమంతా తెలుసు. అతను చంపాడని సాధారణంగా లెక్కించే ఐదుగురు మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్, మేరీ జేన్ కెల్లీ. ఈ పేర్లు ఎంతమందికి తెలుసు? మీ కథలో ఆ లెక్క తిరగబడాలి. చనిపోయిన ప్రతి మనిషికీ చావుకి ముందు కనీసం ఒక పేజీ జీవితం ఉండాలి.

ఇలాంటి కథలు మూఢనమ్మకాల్ని పెంచవా?

పెంచే కథలు ఉన్నాయి. ఆ నమ్మకం ఎంత ప్రమాదమో చరిత్రే చెప్తుంది. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నిందతో 19 మందిని ఉరితీశారు. ఇంకొకాయన్ని బండరాళ్ళ బరువు కింద అణిచి చంపారు. ఫలానా మనిషి ఆత్మరూపం వచ్చి నన్ను హింసించిందని ఎవరైనా చెప్తే కోర్టు దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంది. ఆ మనిషి ఆ సమయంలో ఇంకెక్కడో ఉన్నానని రుజువు చేసుకున్నా లాభం లేదు. తరవాత ఏర్పడిన కోర్టు అలాంటి సాక్ష్యం చెల్లదనగానే దాదాపు అందరూ విడుదలయ్యారు. ఇది చరిత్రలో కలిసిపోయిన సంగతి కాదు. మంత్రాల నెపంతో జరిగే హింసని ఆపాలని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2021లో కూడా తీర్మానం చెయ్యాల్సి వచ్చింది.

అందుకని కథలో క్షుద్రశక్తిని ఎవరి ముఖంతో చూపిస్తున్నామన్నది చిన్న విషయం కాదు. ఒంటరి ముసలావిడ, వైకల్యం ఉన్న మనిషి, ఊరి చివర బతికే పేదవాడు. అనుమానం ఎప్పుడూ వాళ్ళ మీదకే పోతుంది. చివరికి నిజంగానే వాళ్ళే అని తేల్చే కథ ఆ అనుమానాన్ని ఖాయం చేస్తుంది. ఊరంతా ఆ ముసలావిడని వేధిస్తుండగా, అసలు చెడు ఆ గుంపుకి ముందు నడుస్తున్న మనిషి నోటినుంచే మాట్లాడుతోందని తేలే కథ రాయండి. భయమూ ఎక్కువ, నిజానికీ దగ్గర.

పోలీసు, పోస్టుమార్టం వివరాల్లో ఏవి తప్పకుండా సరిగ్గా ఉండాలి?

దయ్యం ఉన్న కథలో మామూలు వివరాలు మరీ ఖచ్చితంగా ఉండాలి. లోకం నిక్కచ్చిగా ఉంటేనే, అది పగిలిన చోటు కనిపిస్తుంది.

శవం బిగుసుకోవడం మరణించిన కొద్ది గంటల్లో దవడ, ముఖం దగ్గర మొదలై, సుమారు 12 గంటలకి ఒళ్ళంతా పాకుతుంది. తరవాత మెల్లగా వదులుతుంది. వేడి ఎక్కువైతే ఇదంతా త్వరగా జరుగుతుంది. రక్తం ఒంట్లో కిందివైపుకి దిగి మచ్చలు కడుతుంది. కొన్ని గంటలకి ఆ మచ్చలు స్థిరపడ్డాక శవాన్ని తిప్పితే అవి పైవైపు కనిపించి, కదిపిన సంగతి చెప్పేస్తాయి. చనిపోయిన సమయాన్ని ఏ డాక్టరూ నిమిషాలతో సహా చెప్పలేరు. క్లోరోఫాం రుమాలు ముక్కుకి పెట్టగానే మనిషి పడిపోవడం సినిమాల్లోనే. నిజానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ఇక సీరియల్ కిల్లర్ అన్న మాట. 2005లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ జరిపిన సదస్సు దీన్ని తేలిక చేసింది. ఒకే వ్యక్తి వేరువేరు సందర్భాల్లో ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువమందిని చంపడం అంతే. మేధావి అయి ఉండాలనీ, పోలీసులకి పొడుపుకథలు పంపాలనీ నియమం ఏమీ లేదు. ఆ మూస హంతకుణ్ణి కాస్త పక్కన పెడితే మంచిది.

చేతిలో ఫోన్ ఉన్న కాలంలో భయం ఎలా పుడుతుంది?

సిగ్నల్ లేదని చెప్పడం అరిగిపోయింది. ఫోన్ పనిచెయ్యనివ్వండి. సాయం వస్తానన్నవాళ్ళు నిజంగా బయల్దేరనివ్వండి. ఇరవై నిమిషాలు పడుతుందని అందరికీ తెలియనివ్వండి.

చివర్లో చెడు ఓడిపోవాల్సిందేనా?

అక్కర్లేదు. కానీ రెండు లెక్కలు వేరువేరుగా తేలాలి. హంతకుడి లెక్క మనుషుల లోకంలో తేలాలి. అతను ఎవరో బయటపడాలి, చేసిన పని పేరు పెట్టి ఎవరైనా చెప్పాలి. క్షుద్రశక్తి లెక్క తేలకుండా మిగిలిపోవచ్చు. తాళాల మనిషి పట్టుబడ్డాక ఆ ఇల్లు ఇంకా అక్కడే ఉండటంలో అన్యాయం లేదు. చివరి పేజీలో శవం కళ్ళు తెరవడం, చచ్చాడనుకున్నవాడు లేచి రావడం మాత్రం ఒప్పుకోలేను. రెండో భాగం అమ్ముకోవడానికి వేసిన ఎర అని పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది.

పిల్లలు చదవొచ్చా?

దయ్యం కథలు పిల్లలకి పాతకాలం నుంచీ ఉన్నవే. చిత్రహింసలు, లైంగిక హింస ఉన్న హంతకుల కథలు పెద్దలకే. పుస్తకం ముందు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పడం వల్ల సస్పెన్స్ ఏమీ చెడిపోదు.

రాసేవాళ్ళకి దయ్యాల మీద నమ్మకం ఉండాలా?

అవసరం లేదు. కథ నడిచినంతసేపు ఆ దయ్యం నియమాల్ని నమ్మకంగా పాటించే ఓపిక ఉంటే చాలు.

చిన్న కథగా రాయాలా, నవలగానా?

కొత్తవాళ్ళకి చిన్న కథే మేలు. ఒక్క కూర్చోవడంలో చదివించే కథకే పూర్తి ప్రభావం ఉంటుందని 1846లో పో వాదించాడు. భయం విషయంలో ఆ మాట బాగా నిలబడింది. మధ్యలో లేచి భోజనానికి వెళ్ళి వచ్చిన పాఠకుణ్ణి మళ్ళీ మొదటినుంచి భయపెట్టాలి. నవలలో ఆ పని దర్యాప్తు చేస్తుంది. భయం సడలిన చోట కుతూహలం పాఠకుణ్ణి లాక్కుపోతుంది, అందుకే ఈ కోవలో నవలలు కుదురుతాయి.

నా కథ భయపెడుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

రాసినవాళ్ళకి తెలియదు, ఏం జరగబోతోందో ముందే తెలుసు కాబట్టి. ఈ తరహా కథలు చదివే అలవాటున్న ఒకరికి, అలవాటు లేని ఒకరికి ఇవ్వండి. 'భయమేసిందా?' అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. ఎక్కడ చదవడం ఆపారు, ఏ పేజీ వెనక్కి తిప్పారు, చనిపోయినవాళ్ళలో ఎవరి పేరు గుర్తుంది అని అడగండి. మూడో ప్రశ్నకి జవాబు రాకపోతే హత్య ఘట్టాల్ని ముట్టుకోకండి. అంతకు ముందున్న అధ్యాయాల్ని మళ్ళీ రాయండి.